సాక్షి గొట్టం

మా ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ ఆవిడ సాక్షమ్మ. మొహం మీదే అలా పిలిచేవాళ్ళు, ఆవిడా చక్కగా పలికేది. ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే. ఒళ్ళుమండి పెట్టాను. అది కాస్తా ముద్దుపేరై కూర్చుంది.

నేను ఆసుపత్రి కింది అంతస్తులో ఆటోక్లేవ్ నడిపేవాణ్ణి. ఆపరేషన్ కత్తులూ కత్తెరలూ గుడ్డలూ కడిగించి, మూటలు కట్టించి, ఆవిరిలో ఉడకబెట్టి పైకి పంపడం నా పని. ఆవిడ పై అంతస్తులో, మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్. నా యంత్రం క్రిముల్ని నిజంగా చంపిందో లేదో తేల్చి చెప్పడం ఆవిడ పనుల్లో ఒకటి. అంటే నేను వండాలి, ఆవిడ వంక పెట్టాలి. ఇక మా ఇద్దరికీ ఎలా పడుతుంది చెప్పండి? మొదట్లో ఉప్పూ నిప్పూగానే ఉండేవాళ్ళం.

ఆ పరీక్ష సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. చిటికెన వేలంత ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఉంటుంది. అందులో మొండి క్రిముల బీజాలు అంటించిన కాగితం ముక్క, దాని పక్కనే సన్నటి గాజు బుడ్డిలో వంకాయ రంగు ద్రవం. ఆ గొట్టాన్ని మూటల మధ్య పెట్టి నేను ఆవిరి పడతాను. బయటికి తీశాక ఆవిడ దాన్ని వేళ్ళతో నొక్కి లోపలి బుడ్డి పగలగొట్టి, డ్రై బాత్‌లో పెడుతుంది. క్రిములు చచ్చి ఉంటే మర్నాటికీ ఆ రంగు అలాగే ఉంటుంది. బతికి ఉంటే వెచ్చదనానికి లేచి, పెరిగి, ద్రవాన్ని పసుపు చేసేస్తాయి. వంకాయ అయితే నేను గెలిచినట్టు. పసుపు అయితే మూటలన్నీ నా మొహాన తిరిగొచ్చినట్టు.

డ్రై బాత్ అంటే పేరుకి స్నానమే గానీ అందులో చుక్క నీరుండదు. చెప్పుల అట్టపెట్టెంత యంత్రం. అడుగున వేడెక్కే పలక, పలక మీద బరువైన అల్యూమినియం దిమ్మ, దిమ్మ నిండా గొట్టం సరిగ్గా పట్టేంత గుంటలు, పైన మూత. ముందువైపు ఎర్రటి అంకెలు వెలుగుతుంటాయి. మేమంతా దాన్ని ‘పెట్టె’ అనేవాళ్ళం.

ఆ పెట్టెను ఆవిడ చూసుకున్నట్టు కొందరు కన్నపిల్లల్ని కూడా చూసుకోరు. పొద్దున రాగానే చేతులు కడుక్కుని, మూల గుంటలో థర్మామీటరు దించి, అందులో గీత కదలడం మానేదాకా పక్కనే నిలబడేది. "అంకె కనిపిస్తూనే ఉందిగా, మళ్ళీ ఇదెందుకు మేడమ్?" అని కొత్తగా చేరినవాళ్ళు అడిగేవాళ్ళు. "అంకె చెప్పేది పలక వేడి. గొట్టం కూర్చునేది దిమ్మలో. దిమ్మ సంగతి దిమ్మనే అడగాలి" అనేది. ఒకసారి ఎవరో వేడి బాగా అంటుకుంటుందని గుంటల్లో నీళ్ళ చుక్కలు వేశారు. ఆ పూట ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేదు. వారానికోసారి స్విచ్చి తీసి, చల్లారనిచ్చి, కొక్కెంతో దిమ్మను ఎత్తి, పలకను స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఆరాక దిమ్మను దించేది. దించాక మళ్ళీ వేడెక్కించి, మళ్ళీ థర్మామీటరు పెట్టి చూసేది. అప్పుడుగానీ గొట్టాన్ని దాని దగ్గరికి రానిచ్చేది కాదు.

ఇక సాక్షి సంగతి. నేను ఆవిరి పట్టిన గొట్టంతోపాటు, ఆవిరి మొహమే చూడని గొట్టం ఇంకొకటి కూడా ఆవిడ అదే దిమ్మలో పెట్టేది. అందులో క్రిములు బతికే ఉంటాయి కాబట్టి అది తప్పకుండా పసుపు తిరగాలి. తిరిగితే పెట్టె సరిగ్గా వెచ్చగా ఉన్నట్టు, నా గొట్టంలో క్రిములుంటే అవీ లేచి ఉండేవని నమ్మొచ్చు. అదీ వంకాయగానే ఉండిపోతే నా గొట్టం వంకాయగా ఉన్నా లాభం లేదు. క్రిములు చచ్చాయో, చలికి ముడుచుకుని పడుకున్నాయో ఎవరికి తెలుసు? ఆ రెండో గొట్టాన్ని ఆవిడ సాక్షి అనేది.

ఒకసారి నా గొట్టం నిక్షేపంలా వంకాయ రంగులో ఉంది. ఆవిడ సెలవులో ఉండగా బదులు వచ్చిన పిల్ల పక్కన సాక్షిని పెట్టడం మర్చిపోయింది. ఆవిడ వచ్చి చూసి, మూటలన్నీ మళ్ళీ ఉడకబెట్టమని కబురు పంపింది. నేను చేతిలో పని పడేసి మెట్లెక్కి వెళ్ళాను.

"ఏమ్మా, ఇది ఆసుపత్రా, కోర్టా? సాక్షి సాక్షి అని నా ప్రాణం తోడేస్తున్నావు. ఇంకనించి నిన్ను సాక్షమ్మా అనే పిలుస్తాను!"

ఆవిడ తల కూడా ఎత్తలేదు. "పిలువు అన్నయ్యా, పలుకుతాను. మూటలు మాత్రం మళ్ళీ ఉడకబెట్టు."

ల్యాబ్ అంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది గానీ, ఆ పూట వాళ్ళ ముందు నవ్వదలుచుకోలేదు.

ఈ పట్టుదలంతా చదువుతో వచ్చిందనుకున్నాను చాలాకాలం. కాదు, వాళ్ళ బావ దగ్గర వచ్చింది. తండ్రి పోయేనాటికి ఆవిడ బడికి వెళ్ళే పిల్ల. తల్లి అంతకుముందే లేదు. అక్కకి అప్పటికే పెళ్ళయింది. ఆ అక్కా బావా ఈవిడను తమ ఇంటికి తెచ్చుకున్నారు. బావకి సైకిళ్ళు బాగుచేసే దుకాణం. ఇంటి ముందుగదే దుకాణం. బడి నుంచి వచ్చి ఆయన పక్కన పీట వేసుకుని ఈవిడ కూడా పంక్చర్లు వేసేది. ట్యూబుకి అతుకు అంటించాక ఆయన దానికి గాలికొట్టి, మళ్ళీ నీళ్ళ తొట్టిలో ముంచేవాడు. బుడగ రాకపోతేనే చక్రానికి ఎక్కించేవాడు.

"అంటించాం కదా బావా, మళ్ళీ ముంచడమెందుకు?" అంటే, "అంటించింది మన చెయ్యేగా మరదలా, దాన్నెలా నమ్ముతాం?" అనేవాడట. ఆ మాట ఆవిడ నా దగ్గర ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

ఆయన నాకూ తెలుసు. వాన పడితే గొడుగు పట్టుకుని మరదలి కోసం ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేవాడు. మహా సరదా మనిషి. "మా మరదలి ఉద్యోగం ఏమిటో తెలుసా? నీళ్ళు లేకుండా క్రిములకి స్నానం చేయిస్తుంది. ఇంట్లో నేను స్నానం ఎగ్గొడితే మాత్రం ఊరుకోదు" అనేవాడు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే చనువు నాకు లేదు, ఆవిడ చెప్పనూ లేదు. అక్క ఇల్లే ఆవిడ ఇల్లు. అక్కకి ఒక్కడే కొడుకు. వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఈవిడే.

ఒకరోజు బావగారు దుకాణంలో ఎత్తున వేలాడదీసిన టైరు అందుకోబోయి స్టూలు మీంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. మా ఆసుపత్రికే తెచ్చారు. సర్జను చూసి లోపల రాడ్డు వెయ్యాలన్నాడు. వయసు మళ్ళిన మనిషి, మంచంలో కదలకుండా ఎంత ఎక్కువ ఉంటే అంత ముప్పు, కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది, వీలైనంత త్వరగా లేపి కూర్చోబెట్టాలన్నాడు. ఆయన కొలతకి సరిపోయే రాడ్డూ స్క్రూలూ ఒక్క సెట్టే దొరికింది. అది నా దగ్గరికి వచ్చింది.

ఒంట్లో ఉండిపోయే ఇనుముకి మా దగ్గర నియమం వేరు. మామూలు కత్తులైతే ఒత్తిడి చూపే గేజీ చూసి, ఆవిరి తగిలితే రంగు మారే మూట మీది పట్టీ నల్లబడిందో లేదో చూసి పంపేస్తాం. లోపల వదిలేసేవాటిని మాత్రం గొట్టం ఫలితం వచ్చేదాకా థియేటర్ గడప తొక్కనివ్వం. కాబట్టి బావగారి ఆపరేషన్ మర్నాడు పొద్దున్న, గొట్టం చూశాక.

ఆ రోజు పైన ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. తెలిసింది కాబట్టి వరసలోనే చెప్తాను. బావ రాడ్డుకి పరీక్ష పెట్టాలని వినగానే, తుడిచే రోజు కాకపోయినా, ఆవిడ పెట్టెను చల్లార్చి దిమ్మ ఎత్తింది. పలకను అద్దంలా తుడిచింది. బావది కదా, ఇంకోసారి తుడిచింది. దిమ్మ దించి స్విచ్చి వేసింది. అది వేడెక్కుతుండగా వాళ్ళక్క ల్యాబ్ గుమ్మంలోకి వచ్చి ఏడుపు మొదలుపెట్టింది. "ఆయన నొప్పికి తట్టుకోలేకపోతున్నారే, నువ్వొచ్చి ఆ డాక్టరుతో ఒక మాట చెప్పు" అని. సరిగ్గా అప్పుడే నేను నా గొట్టం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ ఎర్ర అంకె వైపు చూసింది. సరిగ్గానే ఉంది. రెండు గొట్టాలూ నొక్కి, గుంటల్లో దించి, మూత పెట్టి, అక్క వెనకాలే వార్డుకి పరిగెత్తింది. థర్మామీటరు సొరుగులోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న ఫలితం కోసం పైకి వెళ్ళాను. సర్జను అప్పటికే వచ్చేశాడు. బావగార్ని స్ట్రెచర్ మీద థియేటర్ బయటి వరండాలోకి తెచ్చారు. అక్క పక్కన నిలబడి ఆయన దుప్పటి సర్దుతోంది. ఆయన నొప్పికి పెదవి కొరుక్కుంటూనే నన్ను చూసి, "ఏం బాబూ, నా ఇనుము ఉడికిందా?" అన్నాడు.

"ఉడికే ఉంటుంది. కనుక్కుని వస్తానుండండి" అని ల్యాబ్‌లోకి వెళ్ళాను.

ఆవిడ పెట్టె మూత తీసి నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వంకాయేనా?" అన్నాను.

"వంకాయే."

"మరింకేం, పద."

ఆవిడ రెండో గొట్టం ఎత్తి చూపించింది. అదీ వంకాయే. సాక్షి రంగు మారలేదు. థర్మామీటరు తీసి గుంటలో దించింది. గీత ఎక్కాల్సిన చోటికి చాలా కిందే ఆగిపోయింది. ముందు ఎర్ర అంకె మాత్రం ఏమీ ఎరగనట్టు తన లెక్క తాను చూపిస్తూనే ఉంది.

నాకు కోపం ఆగలేదు. "చూడమ్మా, గేజీ దగ్గర నేనే నిలబడ్డాను. పట్టీ బొగ్గులా నల్లబడింది. ఇన్నేళ్ళుగా నడుపుతున్నాను, నా యంత్రం సంగతి నాకు తెలీదా? బయట ఉన్నది మీ బావ. ‘సరే’ అని ఒక్క మాట చెప్పు."

"నీ యంత్రం బాగానే ఉడికించి ఉంటుంది అన్నయ్యా. కానీ చూసి చెప్పాల్సింది నేను. నేను చూడలేదు."

"ఎవరికి తెలుస్తుంది?"

"ఆ ఇనుము బావ ఒంట్లో ఉంటుంది. రేపు చీము పడితే? ఆయన కుంటుతుంటే రోజూ పక్క గదిలోంచి చూస్తూ నేనెలా బతకాలి?"

నేనన్న మాట తప్పని ఇప్పటికీ అనుకోను. ఆవిడన్న మాట తప్పని కూడా అనలేను. ఆ రోజు నుంచీ నా బుర్రలో ఈ రెండూ ఇలాగే ఉన్నాయి.

సాక్షమ్మ వెళ్ళి ల్యాబ్ పెద్ద డాక్టరమ్మకి చెప్పింది. డాక్టరమ్మ వచ్చి గొట్టాలు చూసి, "నువ్వు బాగుందనలేనప్పుడు నేనూ అనలేను" అంది. సర్జను స్వయంగా ల్యాబ్‌కి వచ్చాడు. చాలాసేపు ఆ రెండు గొట్టాల్నీ వెలుతురికి పట్టుకుని చూశాడు. "మీరేమంటారు?" అని సాక్షమ్మనే అడిగాడు.

"నాకు తెలియదు సార్. తెలియదన్నదే నా రిపోర్టు."

ఆయన గొట్టాలు కింద పెట్టాడు. "తెలియని ఇనుము లోపల వదిలేసి కుట్లు వెయ్యలేను. చీము పడితే ఆ కాలు పోతుంది, మనిషీ పోవచ్చు. ఒక్క రోజు ఆగుదాం" అన్నాడు. ఆయనకీ ఆ మాట అనడం ఇష్టం లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

వరండాలోకి వెళ్ళి చెప్పింది సాక్షమ్మే. "ఇంకో రోజా?" అని అక్క ఏడుపందుకుంది. బావగారే సర్దిచెప్పాడు. "ఊరుకోవే. మళ్ళీ నీళ్ళలో ముంచి చూస్తానంటోంది. నేను నేర్పిందేగా" అన్నాడు. అని మరదలి వైపు తిరిగి కన్ను గీటాడు. ఆవిడకి నవ్వబోతే ఏడుపొచ్చింది.

పెట్టె చల్లారాక ఇద్దరం కలిసి దిమ్మ ఎత్తాం. పలక అంచు దగ్గర గోరు కొసంత గాజుముక్క ఉంది. ఎప్పుడో నొక్కేటప్పుడు చీలిన గొట్టంలోంచి జారిన ముక్క అయ్యుంటుంది. తుడిచేటప్పుడు గుడ్డ దాన్ని లోపలికి ఈడ్చింది. దిమ్మ దాని మీద కూర్చుని ఒక పక్క లేచిపోయింది, పలకకి ఆనలేదు. పలక వేడెక్కుతూనే ఉంది, ఆ వేడి దిమ్మ దాకా రాలేదు. ఆవిడ ఆ ముక్కను దూదితో తీసి అరచేతిలో పెట్టుకుంది.

"తుడవకుండా ఉండాల్సింది" అన్నాను.

"తుడిచాక చూడాల్సింది" అంది. "బావ అయితే మళ్ళీ ముంచి చూసేవాడు."

నేను సెట్టును కొత్త గొట్టంతో మళ్ళీ ఉడకబెట్టాను. ఆవిడ దిమ్మ సరిగ్గా దించి, థర్మామీటరు గీత చేరాల్సిన చోటికి చేరేదాకా నిలబడి, కొత్త గొట్టమూ కొత్త సాక్షీ పెట్టింది. మొదటి రోజు గొట్టాన్ని కూడా వాటి పక్కనే మళ్ళీ దించింది.

మర్నాడు తెల్లవారింది. బావగారు లేచి, మొహం కడిగించుకుని, దిండుకి ఆనుకుని భార్యతో దుకాణం సంగతేదో మాట్లాడుతున్నాడు. ఉన్నట్టుండి దగ్గొచ్చింది, ఊపిరి అందలేదు. డాక్టర్లు పరిగెత్తుకొచ్చి చెయ్యాల్సిందంతా చేశారు. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకి చేరిందన్నారు. చూస్తుండగానే అంతా అయిపోయింది.

సాక్షమ్మ ఆయన పాదాల దగ్గర కూర్చుని ఏడ్చినంతసేపు ఏడ్చింది. తర్వాత లేచి ల్యాబ్‌కి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను, ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని. ఆవిడ చేతులు కడుక్కుంది, పెట్టె మూత తీసింది. సాక్షి పసుపు తిరిగి ఉంది. కొత్త గొట్టం వంకాయ. మొదటి రోజుదీ వంకాయే. అంటే నా యంత్రం మొదటి రోజే బాగా ఉడికించింది. ఆ రాడ్డు మొదటి రోజే శుభ్రంగా ఉంది. ఆ పసుపు రంగు చూస్తే నాకు పెట్టెను ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. ఆవిడ మాత్రం ఫలితం రాసి, డాక్టరమ్మకి చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ అక్క దగ్గరికి వెళ్ళింది.

నిన్న చేసి ఉంటే బతికేవాడా అని నేనే సర్జనుని అడిగాను. "బల్ల మీదే ఇలా అయ్యుండొచ్చు, అసలు కాకపోయీ ఉండొచ్చు. ఎవరూ చెప్పలేరు" అన్నాడు. దాచకుండా చెప్పాడు, అంతకంటే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

పెట్టె పాడైంది కాబట్టి ఆలస్యమైందని ఆసుపత్రిలో అందరూ అనుకున్నారు. అక్కా అదే అనుకుంది. గాజుముక్క సంగతి నాకూ సాక్షమ్మకీ డాక్టరమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు. ఏడుపులు సద్దుమణిగాక ఒకరోజు సాక్షమ్మ కిందికి దిగి వచ్చింది.

"అన్నయ్యా, ఒకసారి మా ఇంటిదాకా వస్తావా? అక్కకి ఒక మాట చెప్పాలి. పక్కన ఎవరూ లేకపోతే సగం చెప్పి సగం మింగేస్తానేమో."

ఏం మాటో నాకు తెలిసిపోయింది. వద్దని చెప్పాను, బతిమాలాను. వినే ఘటమా ఆవిడ? వెళ్ళాం. అక్క మూసిన దుకాణంలో ఒంటరిగా కూర్చుని ఉంది. గోడలకి టైర్లు అలాగే వేలాడుతున్నాయి. నీళ్ళ తొట్టి ఎండిపోయి ఉంది.

"అక్కా, పెట్టె పాడైందన్నారు కదా. పాడవలేదు" అని మొదలుపెట్టి అంతా చెప్పింది. తుడిచే రోజు కాకపోయినా తుడిచానంది. గాజుముక్క చెప్పింది. థర్మామీటరు పెట్టలేదని చెప్పింది. ఎక్కడా గొంతు తగ్గించలేదు.

అక్క నేలకేసి చూస్తూనే అంది. "అంటే, నువ్వు ముట్టుకోకుండా ఉంటే ఆ రోజే ఆపరేషన్ అయ్యుండేది."

"అయ్యుండేది."

"పోనీ తుడిచాక చూసుకుని ఉంటే?"

"అప్పుడే సరిచేసేదాన్ని."

"నేనొచ్చి పిలిచాననేగా చూడలేదు?"

"కాదక్కా. నువ్వు పిలిచావు, అంతే. చూడకుండా వచ్చింది నేను."

అక్క అప్పుడు తలెత్తింది. ఆ చూపు ఎలాంటి శత్రువుకీ వద్దు. "నిన్ను కన్నకూతురిలా చూశారే ఆయన" అంది. "నిన్ను చూస్తుంటే నాకు ఊపిరాడటం లేదు. వెళ్ళిపో. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు."

సాక్షమ్మ లోపలికి వెళ్ళి ఒక సంచీలో బట్టలు సర్దుకుని వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఉన్న ఇంట్లోంచి తీసుకున్నది ఆ సంచీ ఒక్కటే. దారిలో నేను తిట్టని తిట్టు లేదు. "కోరి కొరివితో తల గోక్కున్నావు. పెట్టె పాడైందని ఊరుకుంటే ఏం పోయేది?"

"పెట్టె పాడవలేదుగా అన్నయ్యా" అంది.

ఆసుపత్రి వెనక వీధిలో ఒక గది తీసుకుంది. ఏళ్ళు గడిచాయి. అక్క కొడుకు దుకాణం తెరిచాడు. వాడు అప్పుడప్పుడు తల్లికి తెలియకుండా వచ్చి, "పిన్నీ, బాగున్నావా?" అని గేటు దగ్గర నిలబడి మాట్లాడి వెళ్ళేవాడు. వాడొచ్చిన రోజు ఆవిడ మొహం చూస్తే తెలిసిపోయేది. పెట్టె దగ్గర ఆవిడ పద్ధతి ఏమీ మారలేదు, ఇంకా బిగిసింది. నేను తెచ్చిన గొట్టం పట్టుకుని గుమ్మంలో నిలబడాల్సిందే, థర్మామీటరు తేల్చేదాకా. అంతకుముందైతే విసుక్కునేవాణ్ణి. ఆ తర్వాత నోరు మూసుకుని నిలబడేవాణ్ణి.

ఉద్యోగ విరమణ దగ్గర పడుతుండగా ఆవిణ్ణి ల్యాబ్‌లో వేరే బల్లకి మార్చారు. పెట్టెను కొత్తమ్మాయికి అప్పగించారు. ఆ అమ్మాయీ మంచిదే, పని నేర్చుకున్నదే.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం అక్క కొడుకుని లారీ గుద్దింది. తొడ ఎముక రెండు ముక్కలైంది. మా ఆసుపత్రికే తెచ్చారు. మళ్ళీ రాడ్డు. మళ్ళీ నా యంత్రం, నా గొట్టం. నేను సెట్టును ఆవిరికి ఎక్కించి తలుపు బిగిస్తుంటే, మూటలిచ్చే కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డారు. సాక్షమ్మ వాళ్ళక్క. జుట్టంతా నెరిసిపోయింది. ముందు గుర్తుపట్టలేదు.

"అన్నగారూ, ఆ పరీక్ష పెట్టె ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?"

"కొత్తమ్మాయమ్మా. మీ చెల్లెల్ని వేరే పనిలో వేశారు. ఏం కంగారుపడకండి, ఆ అమ్మాయి బాగానే..."

"మా చెల్లిని చూడమనండి."

ఆవిడ కిటికీ చువ్వ పట్టుకుని చెప్పింది. "దాని మీద నాకు కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు. కానీ ఆ రోజు ఎవరూ అడక్కుండానే నా ఇంటికొచ్చి, నా ఎదుట నిలబడి తన తప్పు చెప్పింది. బాగుందని అది చెబితేనే నా బిడ్డను లోపలికి పంపుతాను. ఇంకెవరు చెప్పినా నేను నమ్మను."

నేను మెట్లెక్కి వెళ్ళి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. సాక్షమ్మ విని, చేస్తున్న పని పక్కన పెట్టింది. డాక్టరమ్మని అడిగి, కొత్తమ్మాయిని పక్కన నిలబెట్టుకుని పెట్టె ముందుకి వచ్చింది. చల్లార్చి దిమ్మ ఎత్తింది. పలక మీద మొదట కళ్ళతో, తర్వాత వేలికొసతో వెతికింది. తుడిచింది, మళ్ళీ వెతికింది. దిమ్మ దించి, అన్ని మూలలా నొక్కి చూసింది, అది ఎటూ ఊగలేదు. వేడెక్కాక ఈ మూల గుంటలో థర్మామీటరు, తర్వాత ఆ మూల గుంటలో, తర్వాత మధ్యలో. అప్పుడు నా వైపు చెయ్యి చాపింది. గొట్టం ఇచ్చాను.

మర్నాడు పొద్దున్న వరండాలో వాడు స్ట్రెచర్ మీద ఉన్నాడు. అక్క పక్కన బల్ల మీద కూర్చుని ఉంది. ల్యాబ్ తలుపు తెరుచుకుని సాక్షమ్మ వచ్చింది. అన్నేళ్ళ తర్వాత అక్కకి ఎదురుగా నిలబడింది.

"అక్కా, సాక్షి పసుపు తిరిగింది. వాడిది వంకాయే. బాగుంది."

"తుడిచాక చూశావా?"

"మూడు చోట్ల చూశాను."

అక్క తల ఊపింది. వార్డుబాయ్ వైపు తిరిగి, "తీసుకెళ్ళు నాయనా" అంది. స్ట్రెచర్ కదిలింది. "పిన్నీ, అమ్మ దగ్గరుండు" అని వాడు లోపలికి వెళుతూ అన్నాడు. తలుపు మూసుకుంది.

సాక్షమ్మ ఎక్కడ నిలబడిందో అక్కడే నిలబడి ఉంది. కూర్చోవాలో వెళ్ళిపోవాలో తెలియడం లేదు ఆవిడకి. అక్క ఆవిడ వైపు చూడలేదు. పక్కనున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, బల్ల మీద కొంచెం అటు జరిగింది.

"ఎంతసేపు నిలబడతావు" అంది.